కొలత లేని యంత్రానికి జవాబుదారీ ఎవరు?

గౌరవనీయులైన శాస్త్ర పరిశోధన శాఖ కార్యదర్శి గారికి,

ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంలో బంధించే మా టోకమాక్ యంత్రం ప్రారంభోత్సవం నాడు, ప్లాస్మా ఉష్ణోగ్రతను కొలిచే అధికశక్తి పల్స్ లేజర్‌ను త్వరలోనే మంజూరు చేస్తామని మీ శాఖ వేదిక మీద మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి లేజర్ గది కట్టుకున్నాం, కాంతిని సేకరించే కటకాలు అమర్చుకున్నాం. ఆ పద్దు మాత్రం ప్రతి బడ్జెట్‌లోనూ ‘తదుపరి దశ’కు జరుగుతూనే ఉంది. ఉత్తరాలకు జవాబు రానందువల్లే ఇలా అందరి ఎదుటా రాయవలసి వచ్చింది.

కోటి డిగ్రీల ప్లాస్మాలో ఏ థర్మామీటరూ నిలవదని మీకు తెలుసు. లేజర్ కాంతిని అందులోకి పంపి, ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన వెలుగును పట్టుకుంటాం. దాని వర్ణపటం వెడల్పు ఉష్ణోగ్రతను, తీవ్రత సాంద్రతను చెబుతాయి. పంపిన లక్ష కోట్ల ఫోటాన్లలో ఒక్కటైనా డిటెక్టరు దాకా రావడం కష్టం కనుక, ప్లాస్మా సొంత వెలుగును దాటి ఆ సంకేతం కనబడాలంటే పల్స్‌లో జౌళ్లకొద్దీ శక్తి ఉండాలి, అదీ కొన్ని నానోసెకన్లలోనే వెలువడాలి.

1968లో సోవియట్ శాస్త్రవేత్తలు టీ-3 టోకమాక్‌లో సాధించామన్న ఉష్ణోగ్రతలను పాశ్చాత్య దేశాల్లో చాలామంది నమ్మలేదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలోనే బ్రిటన్‌లోని కల్హం నుంచి ఒక బృందం రూబీ లేజర్‌తో మాస్కో వెళ్లి ఇదే పద్ధతిలో కొలిచింది. సోవియట్ల మాట నిజమేనని తేల్చిన ఆ ఫలితం 1969లో అచ్చయ్యాక, అమెరికాలోని ప్రిన్స్‌టన్ ప్రయోగశాల తన స్టెల్లరేటర్ యంత్రాన్నే టోకమాక్‌గా మార్చుకుంది. శత్రుశిబిరాల మధ్య కూడా నమ్మకం కుదిర్చింది ఆ కొలతే. మరి మా ఫలితాలను కొలత చూపకుండా ఎవరు నమ్మాలి?

మా దగ్గరున్న పాత నియోడిమియం లేజర్‌తో సర్దుకోమంటున్నారు. దాని ఫ్లాష్ ల్యాంపులు వెదజల్లే వెలుగులో చాలాభాగం నియోడిమియం స్ఫటికానికి పనికిరాక వేడిగా మారుతుంది. ఆ వేడి వల్లే పల్స్‌లను వెంటవెంటనే వదలలేం. ప్లాస్మా మాత్రం మిల్లీసెకన్లలో మారిపోతుంది. స్ఫటికం పీల్చుకునే 808 నానోమీటర్ల దగ్గరి కాంతినే ఇచ్చే డయోడ్లతో నడిచే లేజర్ కావాలని మేము అడిగింది అందుకే. ఈ వివరణ మీ శాఖ నియమించిన నిపుణుల నివేదికలోనూ ఉంది. ఆ నివేదిక మీ దగ్గరే ఉంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం పొదుపు అనిపించుకోదు.

ప్రజాధనంతో నిర్మించిన యంత్రం ఏం సాధించిందో ప్రజలకు చెప్పడం మా బాధ్యత. అందుకు కావలసిన సాధనం ఇవ్వడం, ఇచ్చిన మాటకు నిలబడటం మీ బాధ్యత. కాబట్టి రెండే కోరుతున్నాం: నిపుణుల నివేదికను బహిరంగపరచండి, లేజర్‌కు నిధులు ఏ తేదీకి విడుదల చేస్తారో రాతపూర్వకంగా ప్రకటించండి. ఇవ్వడం కుదరకపోతే ఆ మాటా కారణాలతో సహా చెప్పండి. ఇక్కడ చేరిన యువ పరిశోధకులు తమ చదువును ఏ ఆధారం మీద కొనసాగించాలో అప్పుడైనా నిర్ణయించుకోగలుగుతారు.

భవదీయుడు,
ప్లాస్మా ప్రయోగశాలలో ఒక పరిశోధకుడు