వాడు కంప్లైంట్ ఇవ్వడు

మొన్న సంక్రాంతికి కళ్యాణదుర్గం వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు (తొమ్మిదో క్లాసు) ఫోన్లో "ఆ తేడాగాడా? వాణ్ణి ఆటకి పిలవొద్దురా" అంటున్నాడు. ఎవర్రా అంటే, "మా క్లాసోడే మామా, ఆడపిల్లోళ్ళ మాదిరి మాట్లాడ్తాడు" అన్నాడు. అట్ల పిలిస్తే వాడేమంటాడ్రా అనడిగా.

"ఏమంటాడు మామా, నేల జూస్కుంటా పోతాడు."

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇదే ఊళ్ళో నా పదో తరగతిలో కూడా ఒకడుండేవాడు. అప్పటి మాట 'ఆడంగి'. అటెండెన్స్ తీసేటప్పుడు అయ్యవారు వాడి పేరు కాస్త సాగదీసి పిలిచేవాడు, క్లాసంతా గొల్లుమనేది. నేనెప్పుడూ మొదలుపెట్టలేదు. కానీ నవ్వకుండా ఉన్నదీ లేదు. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

వాడు గేనో కాదో నాకిప్పటికీ తెలీదు. నడక చూసి అదెవరికీ తెలీదు కూడా. సత్యభామ వేషంలో స్థానం నరసింహారావు నడిస్తే చప్పట్లు కొట్టిన జాతి మనది. అదే నడక ఓ పదిహేనేళ్ళ పిల్లాడికి సహజంగా వస్తే వెక్కిరిస్తాం. ఇంకో సంగతి... నిజంగా గే అయిన కుర్రాడు మామూలుగానే నడుస్తూ పక్క బెంచీలో కూర్చుని ఇదంతా చూస్తుండొచ్చు. ఆ నవ్వు వాడికీ తగుల్తుంది. నోరు మూసుకోవడం అప్పుడే నేర్చుకుంటాడు.

చట్టాలు లేవని కాదు. 2016లో యూజీసీ, సెక్సువల్ ఓరియెంటేషన్ పేరుతో ఏడిపించడాన్ని కూడా కాలేజీ ర్యాగింగ్ కింద చేర్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధం 377 సెక్షన్ కింద నేరం కాదంది. పిల్లల్ని బళ్ళో మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షనే చెప్తోంది. అన్నీ మంచివే. కానీ ఇవి కదలాలంటే ఎవరో ఒకరు కంప్లైంట్ ఇవ్వాలి. ఈ పిల్లాడు ఇవ్వలేడు. కులం పేరుతో తిడితే ఇంట్లోవాళ్ళంతా వాడి పక్కన నిలబడతారు. "నన్ను తేడా అంటున్నారు నాన్నా" అంటే మాత్రం నాన్న అడిగే మొదటి ప్రశ్న "ఎందుకంటున్నారు?" అనే.

యూజర్ టికెట్ వేసేదాకా సర్వర్ బాగానే ఉందనుకుని మనం కూర్చోం కదా. మానిటరింగ్ పెట్టుకుంటాం. ఇక్కడ ఆ పని పక్కనున్నవాడిదే. మొదటిసారి ఆ మాట వినగానే "ఆపండ్రా" అనే అయ్యవారు ఒకరు, నవ్వని ఫ్రెండు ఒకడు ఉంటే చాలా తేడా వస్తుంది. జూన్ నెలలో లోగోకి ఇంద్రధనుస్సు రంగులేసుకునే మన ఆఫీసుల్లో, లంచ్ టేబుల్ దగ్గర కూడా అంతే.

మావాడికి నా పదో తరగతి కథంతా చెప్పా, నేను నవ్విన సంగతితో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు నేనేం జేయల్ల మామా?" అన్నాడు.

"వాణ్ణి ఆటకి పిలువు. పేరు పెట్టి పిలువు" అన్నా.

నేను బెంగుళూరు బస్సెక్కేదాకా వాడు ఫోను తియ్యలేదు. ఈ ఆదివారం మళ్ళీ అడుగుతా. ఈసారి అడగడం మాత్రం మానను.