లైటు ఆరిపోయింది కదా అని వదిలేయకండి

రావులపాలెం దాటాక మీటర్ బోర్డులో పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగింది. మర్నాడు కూడా ఉంది. నాలుగో రోజు చూస్తే లేదు. "పోన్లే, అదే సర్దుకుంది" అనుకున్నారు. పది రోజులయ్యాక జోరువానలో మళ్లీ ప్రత్యక్షం. ఆదివారం షెడ్డుకి తీసుకెళ్లేసరికి మాయం. "ఇప్పుడేం లేదు కదండీ, వెలిగినప్పుడు తీసుకురండి" అంటాడు మెకానిక్. పాత కారు నడిపే కుర్రాళ్లలో ఈ కథ తెలియనివాళ్లు తక్కువ.

నిలకడగా వెలిగే లైటు కంటే ఇలా వచ్చిపోయేదే ఎక్కువ చిరాకు, ఎక్కువ ఖర్చు కూడా. అంచనా మీద ఒక సెన్సర్, అది కాకపోతే ఇంకో సెన్సర్ మార్చుకుంటూ పోతే పన్నెండేళ్ల బండికి పెట్టకూడనంత పెట్టేస్తాం. అలా కాకుండా పట్టుకునే దారి ఉంది. లైటు ఆరినా కారు కంప్యూటర్ అంత తొందరగా మర్చిపోదు.

అసలు ఎందుకు ఆరుతుంది?

సెన్సర్లు పంపే లెక్కల్లో తేడా కనబడిన ప్రతిసారీ ఇంజిన్ కంప్యూటర్ లైటు వెలిగించదు. వైరు తెగడం లాంటి కొన్ని తప్పులకి వెంటనే వెలిగిస్తుంది. మిగతావాటికి ముందు 'పెండింగ్' కోడ్ రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనో, ఆ పై ప్రయాణంలోనో అదే తప్పు మళ్లీ దొరికితే అప్పుడు లైటు. ఆ తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే లైటు ఆర్పేస్తుంది. కోడ్ మాత్రం మెమరీలోనే ఉంటుంది. ఇంజిన్ చల్లారి, మళ్లీ వేడెక్కడం 40 సార్లు జరిగాకే అది చెరుగుతుంది. రోజుకోసారి బండి తీసేవాళ్లకి అంటే నెల పైమాటే.

కాబట్టి లైటు ఆరిన వారానికి వెళ్లినా స్కానర్ పెట్టమని అడగండి. కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా చూడమనండి. తప్పు దొరికిన క్షణంలో స్పీడెంత, ఆర్పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని కంప్యూటర్ తీసి దాచుకున్న ఫొటో లాంటిది అది.

ముందు ఒక జాగ్రత్త. పసుపు లైటు నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే ఇంటికి చేరొచ్చు. అదే లైటు టపటపా కొట్టుకుంటోందంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది. కన్వర్టర్ పోతే వేలకు వేలు. పైగా కోతల రోజుల్లో మన రోడ్ల మీద వరిగడ్డి పరిచి ఉంటుంది. అంత వేడెక్కిన బండిని ఎండుగడ్డి మీద ఆపడం ప్రమాదం. యాక్సిలరేటర్ తగ్గించి, గడ్డి లేని చోట పక్కకి ఆపండి. ఇక ఎర్ర ఆయిల్ లైటో, ఇంజిన్ వేడి చూపే ఎర్ర లైటో వెలిగితే ఏ లెక్కలూ వద్దు, సురక్షితమైన చోటు చూసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

డెల్టాలో మొదటి అనుమానం కనెక్షన్ల మీద

ధవళేశ్వరం దిగువన అంతా కాలవలు, చేలు, చెరువులు. గాలిలో తేమకి కొదవ లేదు. అంతర్వేది, కాకినాడ వైపు వెళ్తే ఉప్పు గాలి దానికి తోడు. పన్నెండు, పదిహేనేళ్ల కారులో సెన్సర్ కనెక్టర్ల రబ్బరు సీళ్లు గట్టిపడి పగులుతాయి. లోపలికి చెమ్మ చేరి పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. పొడిగా ఉన్నరోజు సిగ్నల్ బాగానే వెళ్తుంది, తడిస్తే తేడా చేస్తుంది.

రెండో శత్రువు ఎలుక. ధాన్యం బస్తాల పక్కన, గడ్డిమేటు పక్కన కారు పెట్టే ఇళ్లు మనకి బోలెడు. బానెట్ కింద వెచ్చగా ఉంటుందని చేరి వైర్లు కొరుకుతాయి. వైరు పూర్తిగా తెగితే లైటు నిలకడగా వెలుగుతుంది, దొరకడం తేలిక. రెండు పోగులు మిగిలితేనే ఈ దోబూచులాట.

వచ్చిపోయే లైటు చూడగానే "ఏ పార్ట్ పోయింది?" అని కాదు, "ఏ కనెక్షన్ వదులైంది?" అని మొదట అడగాలి. కనెక్టర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మళ్లీ గట్టిగా బిగించడానికి అయ్యే ఖర్చు కొత్త సెన్సర్ ధరలో చిన్న ముక్క.

ఎప్పుడు వెలిగిందో రాసుకోండి

ఫోన్‌లో ఒక నోట్ తెరవండి. లైటు వచ్చిన ప్రతిసారీ తేదీ, వాన ఉందా, ఎంత స్పీడు, బండి తీసి ఎంతసేపయింది, పెట్రోలు ఎప్పుడు కొట్టించారు... ఈ అయిదూ రాయండి. నాలుగుసార్లకే ఒక దారి కనిపిస్తుంది.

వానలోనో, ఇంజిన్‌ని ప్రెషర్ నీళ్లతో కడిగించాకో వచ్చి, బండి కుదుపుతో నడిస్తే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గుల దగ్గర తడి చూడాలి. కాలవగట్టు రోడ్డు గతుకుల్లో వస్తే వదులు కనెక్టర్, లేదా రాసుకుని ఒరిసిపోయిన వైరు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే, ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు ఒకేసారి వస్తే బ్యాటరీ, ఎర్త్ వైరు చూడాలి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా, ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 14 ఉండాలి. బయట బిగించుకున్న సీఎన్‌జీ కిట్ ఉండి, గ్యాస్ మీద ఉన్నప్పుడే లైటు వచ్చి పెట్రోలు మీద రాకపోతే ముందు కిట్ ట్యూనింగ్ చూపించాలి.

పెట్రోలు కొట్టించాక వస్తుంటే? ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023కి ముందటి కార్లలో చాలావాటిని దానికోసం తయారు చేయలేదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఇంధనం కొంచెం ఎక్కువ వదిలి సర్దుకుంటుంది. ఇంజిన్ బాగుంటే సర్దుకోగలదు. వాక్యూమ్ పైపు పగిలి అప్పటికే సర్దుబాటు అంచుకి చేరిన బండిలో మాత్రం లైటు పడటానికి ఆ కాస్త తేడా చాలు. అప్పుడు బంకుని తిట్టేకంటే పైపులు చూపించడం మేలు.

అన్నట్టు, అమెరికా వీడియోల్లో "పెట్రోలు మూత బిగించండి, లైటు పోతుంది" అంటారు. అక్కడి కార్లు ట్యాంకులో ఆవిరి లీకవుతుందేమో పరీక్షించుకుంటాయి. మన పాత కార్లలో చాలావాటికి ఆ పరీక్షే లేదు.

కోడ్ అంటే పార్ట్ పేరు కాదు

పీ0171 వచ్చిందనుకోండి. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. "ఆక్సిజన్ సెన్సర్ మార్చేద్దామండి" అని సలహా రావచ్చు. ఆ సెన్సర్ నిజమే చెబుతుండొచ్చు. తప్పు పగిలిన పైపుదో, నీరసించిన ఫ్యుయల్ పంపుదో కావచ్చు. కబురు తెచ్చినవాణ్ని మార్చేస్తే ఇంట్లో సమస్య తీరదు కదా.

పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్. ప్లగ్గుకో కాయిల్ ఉండే ఇంజిన్ అయితే పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి నడపాలి. ఈసారి కోడ్ పీ0303 అయితే దోషం కాయిల్‌దే. పీ0302 దగ్గరే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, వైరు చూడాలి. వైరు మీద అనుమానముంటే ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా, స్కానర్ చూస్తూ వైర్ల కట్టని మెల్లగా కదిపిస్తారు. ఎక్కడ కదిపితే రీడింగ్ ఎగిరిందో అక్కడే జబ్బు. తిరిగే బెల్టు, ఫ్యాన్ పక్కన పని కాబట్టి ఇది మెకానిక్‌కే వదలండి.

చవక బ్లూటూత్ స్కానర్ కొనే ముందు మీ బండి వయసు చూసుకోండి. కార్లకి ఓబీడీ అనే ఈ పద్ధతి మన దేశంలో బీఎస్-4తో తప్పనిసరైంది. అది 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్‌కి దేశమంతా వచ్చింది. అందుకే ఒకే ఏడాది, ఒకే మోడల్ అయినా అక్కడి బండికీ ఇక్కడి బండికీ తేడా ఉండొచ్చు. ఫోన్ యాప్ కనెక్ట్ కాకపోతే ఆ కంపెనీ బండ్లకి సరిపడే స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

చెరిపేస్తే బాగైనట్టు కాదు

స్కానర్‌లో ఒక్క నొక్కుతో కోడ్ పోతుంది. చాలా బండ్లలో బ్యాటరీ వైరు విప్పినా పోతుంది. దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అంటే ఉన్న ఒక్క సాక్షినీ పంపించేసినట్టే. ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి, రిపేరు అయ్యాకే చెరిపించండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇదే మీ డబ్బు కాపాడుతుంది. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు మూశారన్నమాట. తర్వాత స్కానర్‌లో 'రెడీనెస్' పేజీ తెరవండి. కోడ్ చెరిపాక బండి తన పరీక్షలన్నీ మళ్లీ చేసుకోవడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. అప్పటిదాకా అక్కడ 'నాట్ రెడీ' అనే ఉంటుంది. రోజూ తిరిగే బండి అని చెబుతూ, అక్కడ చాలావాటికి 'నాట్ రెడీ' అని ఉంటే ఎందుకని అడగండి. "వారం నడిపి మళ్లీ చూపించండి, అప్పుడే అడ్వాన్స్ ఇస్తానండి" అని మర్యాదగానే చెప్పండి. లోపం లేని బండి అమ్మేవాళ్లకి ఆ వారం ఆగడం పెద్ద కష్టం కాదు.