ఇసుక పోస్తే తీరం బాగుపడినట్టేనా?

వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, జ్ఞాపకాలు, పాత రోజుల కబుర్లు. వాటి మధ్య సముద్రపు తాబేళ్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఏ పనైనా చేసి వదిలేస్తే చాలదు, అది ఫలించిందో లేదో తర్వాత వచ్చి చూడటం కూడా ఆ పనిలో భాగమేనని మేము నమ్ముతున్నాం. తాబేలు విషయంలో ఈ మాట ఎంత నిజమో చెప్పడానికే ఈ వ్యాసం.

విశాఖపట్నం సంగతే చూద్దాం. మన తీరం వెంబడి అలలు, ప్రవాహాలు ఏటా ఇసుకను ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1976లో ప్రారంభమైన ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గట్లు ఆ దారికి అడ్డుపడ్డాయి. గట్లకు దక్షిణాన ఇసుక మేట వేస్తే, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందుకే ఓడరేవు దగ్గర తోడిన ఇసుకను బీచ్ వైపు పోస్తూ వచ్చారు. రోడ్డు నిలవాలంటే, ఊరు నిలవాలంటే అది తప్పదు.

అయితే అదే తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు లక్షల్లో మూకుమ్మడిగా వచ్చే ఈ తాబేళ్లు మన ఉత్తరాంధ్ర తీరానికి విడివిడిగా వస్తాయి. ఆడ తాబేలు రాత్రివేళ అలలు తాకని చోటికి పాకి, వెనక కాళ్లతో సుమారు అడుగున్నర లోతు గుంట తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. 45 నుంచి 60 రోజుల పాటు ఆ గుడ్లను పొదిగేది ఇసుకే. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి.

కాబట్టి ఇసుక మారితే తాబేలు బతుకే మారుతుంది. యంత్రాలతో పోసి చదును చేసిన ఇసుక గట్టిపడితే తాబేలు తవ్వలేక వదిలేస్తుంది. కొత్త ఇసుకను అలలు కోసినప్పుడు గోడలాగా నిటారు అంచు నిలుస్తుంది. దాన్ని ఎక్కలేక వెనుదిరుగుతుంది. పోసిన ఇసుక నల్లగా ఉంటే ఎండకు మరింత వేడెక్కుతుంది. మన కంటికి వెడల్పుగా, అందంగా కనిపించే బీచ్ తాబేలుకు పనికిరాకపోవచ్చు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ అనుభవం చాలా ఉంది. అక్కడ ఎంపిక చేసిన తీరాల్లో 1989 నుంచి ఒకే పద్ధతిలో తాబేలు గూళ్లు లెక్కిస్తున్నారు. ఇసుక పోసిన మొదటి ఏడాది లాగర్‌హెడ్ జాతి తాబేళ్ల గూళ్లు తగ్గడం, గుడ్లు పెట్టకుండా తిరిగిపోయిన జాడలు పెరగడం అనేక చోట్ల కనిపించింది. అలలు ఆ ఇసుకను సర్దిన కొద్దీ రెండు మూడేళ్లలో పరిస్థితి మెరుగుపడింది. అందుకే అక్కడ అనుమతి ఇచ్చేటప్పుడే షరతులు పెడుతూ వచ్చారు. పని ముగిశాక మూడేళ్ల పాటు, తాబేళ్లు వచ్చే ముందు ఇసుక గట్టిదనం పరీక్షించాలి. అవసరమైతే దున్ని వదులు చేయాలి. 18 అంగుళాలకు మించిన ఎత్తుతో 100 అడుగుల పొడవున నిలిచిన అంచులను చదును చేయాలి. ఎవరో తెల్లవారుజామునే లేచి, తీరం వెంట నడిచి, జాడలు రాసుకున్నారు కనుకనే ఇవన్నీ తెలిశాయి.

ఇసుక దిబ్బల సంగతీ అంతే. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలో సరుగుడు తోటలు విరివిగా పెంచారు. అవి ఈదురుగాలికి అడ్డు నిలుస్తాయి, వంటచెరకు ఇస్తాయి. మేము వాటికి వ్యతిరేకం కాదు. కానీ అలలకు మరీ దగ్గరగా నాటితే వాటి వేళ్లు, రాలిన ఆకులు తాబేలు తవ్వకానికి అడ్డమవుతాయి. ముందు వరసను బాలబంది తీగకు, ఇసుక మీద పాకే గడ్డికి వదిలి, సరుగుడును వెనక్కి జరిపితే ఊరికీ మేలే, తాబేలుకీ మేలే.

మన తీరంలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు తాబేలు గుడ్లను సేకరించి, కంచె లోపల పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నాయి. కుక్కల నుంచి, నక్కల నుంచి గుడ్లను కాపాడే మంచి పని అది. అయితే వదిలిన పిల్లల సంఖ్య ఒక్కటే చూస్తే తీరం ఎలా ఉందో తెలియదు. గుడ్లు పెట్టిన తాబేళ్లు ఎన్ని? పెట్టకుండా తిరిగిపోయినవి ఎన్ని? ఎక్కడ తిరిగిపోయాయి? అడ్డుపడింది గట్టి ఇసుకా, నిటారు అంచా, వీధి దీపాల వెలుగా? ఇవి కూడా రాస్తేనే లెక్క పూర్తవుతుంది.

ఈ పనికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. నోటు పుస్తకం, టేపు, పొద్దున్నే నడిచే ఓపిక, నిజాయితీ కావాలి. తీరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. జాడ చూసి తాబేలు గుడ్లు పెట్టిందో లేదో చెప్పగల పెద్దలు ఆ ఊళ్లలో ఉన్నారు. వారికి శిక్షణ, కూలీ ఇచ్చి లెక్క రాయించాలి, నివేదికలో వారి పేరు ఉండాలి. ఈ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్లను ఎవరూ ముట్టుకోరాదు.

కొత్త హాస్టల్ భవనం మంచిదో కాదో రిబ్బన్ కత్తిరించిన రోజున తెలియదు. ఒక వానాకాలం గడిచాక, అందులో పడుకున్న పిల్లవాడిని అడిగితే తెలుస్తుంది. అలా వచ్చి అడిగేవాళ్లు ఎంత అవసరమో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తీరం విషయంలో అడగాల్సింది తాబేలును. దాని జవాబు ఇసుక మీద జాడగా ఉంటుంది. తెల్లవారి జనం నడిస్తే చెరిగిపోతుంది. ఆలోపే చదవాలి.

అందుకే మా కోరిక ఒక్కటే. తీరంలో ఇసుక పోసే, మొక్కలు నాటే ప్రతి పనికీ అంచనా వేసేటప్పుడే కనీసం మూడేళ్ల పరిశీలనకు డబ్బు కేటాయించాలి. ఆ లెక్కను ఊరి జనం ముందు చదివి వినిపించాలి. ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా, ఉద్యోగులుగా స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఈ మాటను తమ తమ చోట్ల ఎత్తాలని, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నోటు పుస్తకాలతో సిద్ధంగా ఉండాలని కోరుతున్నాం.