సభలో నిలబడే హక్కు ఎవరిది?

2022 జూన్ 10వ తేదీ, శుక్రవారం. కువైట్‌లోని ఫహాహీల్ ప్రాంతంలో ప్రార్థనలు ముగిసిన పిమ్మట కొందరు వలస కార్మికులు గుమిగూడి, భారతదేశంలోని ఒక రాజకీయ ప్రతినిధి వ్యాఖ్యలకు నిరసన తెలిపారు. వారిని నిర్బంధించి స్వదేశాలకు పంపివేస్తామనీ, మళ్లీ అడుగు పెట్టనివ్వబోమనీ అధికారులు ప్రకటించారు. వారి నినాదంలోని మంచిచెడ్డల విచారణ అక్కడ అక్కరలేకపోయింది. విదేశీయులు బహిరంగ ప్రదర్శనలలో పాల్గొనరాదన్న నిబంధన ఆ దేశపు 1979 నాటి చట్టంలోనే ఉన్నది. గుంపులో నిలబడడమే నేరమయింది.

ఈ వార్త మనకు దూరపుదేమీ కాదు. మన జిల్లా సరిహద్దు దాటితే మదనపల్లె, రాయచోటి, కడప ప్రాంతాల నుండి కువైట్‌కు పోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటితో మన ఊళ్లకు బాంధవ్యాలున్నాయి. ఇంటిపనికి పోయిన స్త్రీ అనుమతి పత్రం యజమాని చేతిలో ఉంటుంది. జీతం రాకనో, హింస భరించలేకనో ఆమె ఆ ఇల్లు విడిచిపెడితే, యజమాని 'పారిపోయినది' అని ఫిర్యాదు చేయవచ్చు. నివాసపు అనుమతి రద్దయితే ఆమె ఏ దొంగదారినా రాకుండానే పత్రాలు లేని మనిషి అవుతుంది. అటుపైన ఉగాది వేడుకకు పోవాలన్నా, ప్రార్థనా మందిరానికి పోవాలన్నా దారిలో తనిఖీ భయమే. అటువంటి వారికోసం 2024 మార్చి నుండి జూన్ వరకు కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష గడువు ఇచ్చింది. గడువు తీరగానే తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి.

అటువంటి మనిషికి సొంత ఊరూ దూరమే. జాతరకు చందా పంపగలడు, తాను రాలేడు. తండ్రి కర్మకు వస్తే తిరిగి పోవడానికి దారి ఉండదు. ఊరివారు చందా పట్టీలో పేరు చదువుతారు, పందిట్లో అతని చోటు ఖాళీగా ఉంటుంది.

అమెరికాలో చట్టం వేరు. అక్కడ అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ పౌరులకే పరిమితం కాదు. అయినా గుంపులో అందరి స్థితి ఒకటి కాదు. 2019 జనవరిలో, ప్రభుత్వమే మిచిగన్‌లో ఎరగా నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్న విద్యార్థులను అరెస్టు చేశారు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు చాలామంది. అదే ఏడాది సెప్టెంబరు 22న హ్యూస్టన్ క్రీడాప్రాంగణంలో ప్రధానమంత్రి సభకు సుమారు యాభై వేలమంది తరలివచ్చారు. ఒకే జాతి, ఒకే దేశం, ఒకే సంవత్సరం. ఒకరికి ఆ సభ పండుగ, మరొకరికి గడప దాటడమే ప్రమాదం. ఈ తేడాను నిర్ణయించినది ఒక కాగితం. నిర్భయంగా గుంపులో కలిసిపోగలగడం ఎంతటి భాగ్యమో, అది ఉన్నవారికి తెలియదు.

ఇక మన ముంగిట చూద్దాం. రాజ్యాంగపు 19వ అధికరణం శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరులకు ఇచ్చింది. 243వ అధికరణం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్నవారి సమూహమే గ్రామ సభ. మాలూరు తాలూకాలోని ఇటుక బట్టీలకూ పెంకుల కర్మాగారాలకూ ఇతర జిల్లాల నుండి, రాష్ట్రాల నుండి కూలీలు వస్తారు. వారు విదేశీయులు కారు, మనవంటి పౌరులే. అయినా వారి ఓటు సొంత ఊరిలో ఉండిపోతుంది. రేషను కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లే ఏర్పాటు 2022 నాటికి దేశమంతటా అమలైంది. బియ్యం మనిషి వెంట వచ్చింది, ఓటు రాలేదు. బట్టీ దగ్గర నీళ్లు లేవని, పిల్లలకు బడి దూరమని గ్రామ సభలో చెప్పవలసినవారు సభ జరిగే చోటికే రారు. వారిని రమ్మని పిలిచినవారూ తక్కువే.

'మన ఊరి సభలో పైవారికేం పని?' అని కొందరు అడగవచ్చు. ఓటు వేయడం వేరు, కష్టం చెప్పుకోవడం వేరు. ఓటరు కానివాని మాట వినరాదని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. కువైట్‌లో మన బిడ్డకు జరిగితే అన్యాయమనేది, మన బట్టీలో పరాయి బిడ్డకు జరిగితే ఆచారం ఎట్లా అవుతుంది?

చేయదగినవి ఉన్నాయి. గ్రామ సభ దండోరా బట్టీల వద్ద కూడా వేయించాలి. వచ్చినవారి మాటను తీర్మానాల పుస్తకంలో వ్రాయించాలి. బిడ్డలను విదేశాలకు పంపిన కుటుంబాలు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపు నకళ్లు ఇంట భద్రపరచుకోవాలి. పాస్‌పోర్టు చేజారినా, స్వదేశానికి తిరిగి వచ్చేందుకు అత్యవసర ప్రయాణ పత్రం ఇచ్చే అధికారం భారత రాయబార కార్యాలయానికి ఉన్నది. ఈ సంగతి తెలియక దాగి బ్రతుకుతున్నవారికి కబురు చేర్చవలసినది ఇంటివారే. పత్రాలున్న ప్రవాసులు, లేనివారి తరఫున అధికారుల ఎదుట తామే మాట్లాడాలి. భయం లేని వారు ముందు నిలబడితేనే భయపడేవారి మాట సభకు చేరుతుంది.