గంతలు కట్టుకొని నేర్చెడి సహానుభూతి

డిజైన్ థింకింగ్ అను పేర నడచు వర్కుషాపులు మన కళాశాలలలోను ఆఫీసులలోను నానాటికి ప్రబలుచున్నవి. ఒక వస్తువును గల్పింపబూనువాడు దానిని వాడుకొనువారి కష్టసుఖములను మొదట గ్రహింపవలయునని యీ పద్ధతికి మూలసూత్రము. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున బోధించు అయిదు మెట్లలో సహానుభూతియే మొదటిది. సూత్రముతో మాకు పేచీ లేదు. ఒక్కపూటలో ఆ మెట్టెక్కించి పంపుదుమనువారితోనే మా పేచీ.

ఒక కళాశాలలో ఇట్టి వర్కుషాపును మేము చూచితిమి. విద్యార్థులు కండ్లకు గంతలు కట్టుకొని పది నిమిషములు వసారాలో తడుముకొనుచు నడచిరి. ఒకడు స్తంభమునకు గొట్టుకొనెను; ఒక బాలిక కంటతడి పెట్టెను. గంతలు విప్పినపిదప, అంధుల బాధ మాకు తెలిసినదని యందఱును రంగుచీటీలమీద వ్రాసి గోడ కంటించిరి. ఆ వీధి చివరనే చూపులేని ఉపాధ్యాయు లొకరు కాపురమున్నారు. దినమును ఒంటిగా బస్సెక్కి పోయి పాఠములు చెప్పి వచ్చుచున్నారు. వారిని పిలిచి రెండు మాటలు వినవలెనన్న తలంపు ఎవ్వరికిని పుట్టలేదు!

ఆ పిల్లలకు తెలిసినది అంధత్వము గాదు, అప్పుడే చూపుపోయినవాని బెదురు. ఏండ్లతరబడి చేతికఱ్ఱతోను చెవులతోను గడించిన నేర్పు గంతలో నెట్లు కానవచ్చును? ఆరియెల్ సిల్వర్మన్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు (ఆమెయు అంధురాలే) సహచరులతో 2015లో ప్రకటించిన పరిశోధనలో, గంతలు కట్టుకొన్నవారు ఇతరులకంటె అంధులను ఉద్యోగమునకును స్వతంత్రజీవనమునకును తక్కువ సమర్థులుగా నెంచిరి. రేపు ఉద్యోగములిచ్చు కుర్చీలలో కూర్చుండువారు ఈ పిల్లలే గదా! నేటి వారి కన్నీరు ఆనాడొక అంధునకు జీవనాధారము తప్పించిన, దానిని సహానుభూతి యందుమా?

ఈ పద్ధతిలో జనులను కలిసి మాటలాడుటయు విధింపబడినదేయని నిర్వాహకు లనవచ్చును. నిజమే, కాని మేము చూచినచోట వేళ చాలలేదని మొదట వదలినది దానినే. ఎయల్, స్టెఫెల్, ఎప్లీ అనువారు 2018లో ప్రకటించిన 25 ప్రయోగములలో, ఎదుటివాని స్థానమున తన్ను ఊహించుకొనుటవలన వాని మనస్సును సరిగా గుర్తించుట హెచ్చలేదు. అడిగి తెలిసికొనుటవలననే హెచ్చెను. వేషమే వేయదలచినచో, పాట్రీషియా మూర్ అను డిజైనరు 1979 మొదలు మూడేండ్లు వృద్ధురాలి వేషమున అమెరికా, కెనడాల నగరములు తిరిగెను. పది నిమిషములవారు ఆమె పేరు చెప్పుకొనుట సాహసమే.

గంతలు పెట్టెలో పెట్టుడు. ఆ యుపాధ్యాయుని పిలువుడు. శిక్షకునకిచ్చు రుసుమే ఆయనకును ఇండు. విద్యార్థులు చేసిన నమూనా పనికిరాదనుటకు ఆయనకు అధికార మిండు.