ఒకే అచ్చులో పోసిన పరిశోధనలు

ఖరగ్‌పూర్ అనగానే సామాన్య పాఠకునికి స్ఫురించేవి రెండు. ఒకటి రైల్వే స్టేషను. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయే వరకు దాని ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ప్రసిద్ధి పొందింది. రెండవది ఐ.ఐ.టి. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పులలో ఇద్దరు రాజకీయ ఖైదీలు నేలకొరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే స్వతంత్ర భారతదేశపు తొలి ఐ.ఐ.టి. ఆరంభమయిన సంగతి విదితమే. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానికి ప్రారంభోత్సవం చేశారు.

ఆ ఆవరణలో నేడు నౌకా నిర్మాణం నుంచి భూగర్భశాస్త్రం వరకు, వ్యవసాయ ఇంజనీరింగు నుంచి న్యాయశాస్త్రం, మానవీయ శాస్త్రాల వరకు పరిశోధక విద్యార్థులు ఉన్నారు. వీరందరికీ పట్టా ఒక్కటే. అయితే సత్యాన్ని నిగ్గుతేల్చే మార్గం మాత్రం ఒక్కటి కాదు. ఈ చిన్న విషయాన్ని మన విశ్వవిద్యాలయాలు విస్మరిస్తున్నాయన్నదే ఇక్కడి అభియోగం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో పిహెచ్.డి. విద్యార్థులకు కోర్సువర్క్‌ను తప్పనిసరి చేసింది. 2022 నవంబరు నిబంధనలు దానికి కనీసం 12 క్రెడిట్లు నిర్దేశించాయి. ఐ.ఐ.టి.లకు 1961 చట్టం కింద తమ సెనేట్లే నియమాలు రూపొందించుకునే స్వేచ్ఛ ఉన్నది కనుక వాటి సంగతి వేరు. తక్కిన చోట్ల 'పరిశోధనా పద్ధతులు' అనే పేపరు అమలవుతున్న తీరు మాత్రం శోచనీయం. పరికల్పన, లక్ష్యాలు, పరిధి, పరిమితులు, నమూనా, ప్రశ్నావళి, పట్టికలు, సూచనలు: ఈ క్రమం సామాజిక సర్వేకు తగినదే. అదే అచ్చులో ప్రబంధ సాహిత్యాన్నీ, శాసనాలనూ, లోహ పరీక్షలనూ పోయడమే విడ్డూరం. ఫలితంగా కవిని గురించిన సిద్ధాంత వ్యాసంలో సైతం నూరు మంది పాఠకులకు ప్రశ్నావళి పంచి, శాతాలు కట్టి, ఒక పట్టిక చేర్చితే తప్ప అది 'శాస్త్రీయం' కాదన్న భ్రమ వ్యాపించింది.

ఈ భ్రమకు పత్రికలూ అతీతం కాదు. ఏజెన్సీ వార్తలను తెనిగించే బల్ల దగ్గర కూర్చునేవారికి 'ఒక సర్వేలో తేలింది' అన్న వాక్యం దినచర్య. ఎందరిని అడిగారు, ఎవరిని వదిలారు, ప్రశ్న ఏమిటి అన్నవి మూలంలో లేనప్పుడు అనువాదంలోకి ఎలా వస్తాయి? శాతం మాత్రం శీర్షికకు ఎక్కుతుంది.

ఖరగ్‌పూర్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. రైలు ఇరుసుకు వాడే ఉక్కు ఎన్ని భ్రమణాల తరువాత విరుగుతుందో తెలుసుకోగోరిన ఇంజనీరు ఒకే ఒత్తిడి కింద అనేక నమూనాలను పరీక్షిస్తాడు. ఒకే కడ్డీ నుంచి కోసిన ముక్కలు సైతం ఒకే సంఖ్య వద్ద విరగవు కనుక, ఆ చెదరుబాటును కూడా అతడు లెక్కలోకి తీసుకోవాలి. ప్రయోగాన్ని మరల చేయగలగడమే అతని బలం.

అదే ఊరిలో 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. అదే ఏడు లాకౌట్ కూడా జరిగింది. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో ఒకరు. ఆ సమ్మెను మరొకసారి జరిపించి చూడగల ప్రయోగశాల ఏదీ లేదు. చరిత్రకారునికి దక్కేవి కంపెనీ దస్త్రాలు, పోలీసు నివేదికలు, యూనియన్ కరపత్రాలు, నాటి పత్రికలు మాత్రమే. కంపెనీకి అది పనిదినాల నష్టం, పోలీసుకు కుట్ర, యూనియన్‌కు విజయం. ఒక్కొక్క కాగితాన్నీ ఎవరు, ఎవరి కోసం, ఎప్పుడు వ్రాశారో ప్రశ్నించి, ఒకదానితో మరొకదానిని ఢీకొట్టించడమే అతని పద్ధతి. ఇందులో ప్రశ్నావళికి చోటెక్కడ?

పద్ధతులు ఒక శాస్త్రం నుంచి మరొక శాస్త్రానికి వలస పోరాదని కాదు. బెంగాల్‌లో 1930ల చివర మహలనోబిస్ జనపనార విస్తీర్ణాన్ని నమూనా సర్వేలతో అంచనా వేసినప్పుడు గణితం పొలంలోకి దిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా చేరిన మన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో లభించిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ 'దూరం' సూత్రంతో విశ్లేషించారు. 1948లో ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందారు. అది ఎముకల స్వభావాన్ని గ్రహించి చేసిన గణితమే తప్ప, పాఠ్యపుస్తకంలోని అధ్యాయాన్ని దించుకోవడం కాదు. అట్లే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటానికి రైతుల నోటి నుంచే వ్యవసాయ పదాలు సేకరించారు. నిఘంటువులు ముందేసుకుని కూర్చుంటే ఆ పదాలు దొరికేవి కావు.

అందరికీ ఉమ్మడి పాఠం ఒకటి ఉండవలసిందేనని కొందరు వాదించవచ్చు. నైతికత విషయంలో ఆ వాదన సమంజసమే. కానీ అక్కడ కూడా అంకెల మోజే గెలిచింది. 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు; 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఉటంకింపులను మినహాయించిన మాట నిజమే. అయినా తోటివాడు అభిలేఖాగారంలో వెలికి తీసిన ఆధారాన్ని తన మాటల్లో తిరగరాసిన వానికి యంత్రం సున్నా శాతం చూపుతుంది. అసలు చేయని ప్రయోగానికి అంకెలు కల్పించిన వాడికీ సున్నాయే. చౌర్యం ఏ శాస్త్రంలో ఏ రూపు దాల్చుతుందో ఆ శాస్త్రం తెలిసిన గురువే చెప్పగలడు.

కోర్సువర్క్‌లో సగమైనా ఆయా శాఖల చేతికి అప్పగించి, మిగిలిన దానిలో ఒక పొరుగు శాస్త్రపు పద్ధతిని క్షేత్రంలో నేర్పడం అసాధ్యమేమీ కాదు. ఖర్చు కూడా స్వల్పమే.

ఆలస్యమయితే నష్టపోయేది ఎవరో ఖరగ్‌పూర్ తెలుగువారిని చూస్తే తెలుస్తుంది. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి రైల్వే పనులకు తరలి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించడానికి ఈ జనమే కారణం. 1974 మే 8 నుంచి 27 వరకు సాగిన అఖిల భారత రైల్వే సమ్మె నాటికి పాతికేళ్ల ఫిట్టరు ఎవరైనా ఉంటే, ఆయన వయసు ఇప్పుడు డెబ్భై అయిదు దాటింది. ఆయన చేతికి అవును, కాదు గడులున్న కాగితం ఇస్తే ఏమి తెలుస్తుంది? తెలుగులో, తీరికగా, ఆయన అనుమతితో మాటను రికార్డు చేయాలి. జ్ఞాపకంలో 1960, 1968, 1974 సమ్మెలు కలగాపులగం కావచ్చు. పెట్టెలో దాచిన నోటీసుతో, జీతపు చీటీతో సరిచూడాలి. ఆ ఇంటి ఇల్లాలిని కూడా విడిగా పలకరించాలి. సమ్మె నాళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో చెప్పగలిగింది ఆమె. ఈ పనికి ఒక సెమిస్టరు చాలు. ఆ సెమిస్టరులోనే మన విద్యార్థి పరీక్ష కోసం పరికల్పనలో రకాలను వల్లె వేస్తున్నాడు.