పంజరంలో పసుపు పిట్ట

1987లో జర్మనీలోని రూఫ్ అనే చిన్న కంపెనీ పోర్షే 911 బాడీ తీసుకుని సీటీఆర్ అనే కారు కట్టింది. ఇంజిన్‌ని 3.4 లీటర్లకు పెంచి, రెండు టర్బోలు బిగించి, 469 హార్స్‌పవర్ రాబట్టింది. గాలికి అడ్డమని పైకప్పు అంచున ఉండే వాన గట్టర్లు కూడా తీసేసింది. ఎరా-లెస్సియన్ ట్రాక్ మీద గంటకు 339 కి.మీ. అందుకుని పోర్షే సొంత 959నే దాటేసింది. రంగును బట్టి 'ఎల్లోబర్డ్' అనే పేరొచ్చింది.

రూఫ్ కొత్తగా కట్టినవి దాదాపు 30 మాత్రమే. అందుకే ఇవాళ ధర కోట్లలో. అలాంటి కార్లను చాలామంది కలెక్టర్లు కొని, ఏసీ గ్యారేజీలో కవర్ కప్పి పెడతారు. మీటర్ ఎంత తక్కువ తిరిగితే రేటు అంత ఎక్కువ!

ఈ లెక్క నాకస్సలు నచ్చదు. ఇంజిన్ వదిలే పొగ తోస్తే టర్బైన్ తిరుగుతుంది, అది తిరిగితేనే గాలి ఒత్తిడితో లోపలికెళ్తుంది. ఆపేసిన కారులో టర్బో ఉత్త ఇనుప గుల్ల. పైగా ఏళ్ల తరబడి కదలకపోతే సీళ్లు ఎండిపోతాయి, పెట్రోల్ చెడిపోతుంది, టైర్లు గట్టిపడతాయి. దాచడం పేరుతో పాడుచేయడమే కదా ఇది!

"గుద్దేస్తే మళ్లీ దొరుకుతుందా?" అంటారు. నిజమే. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లమనట్లేదు, అప్పుడప్పుడైనా రోడ్డెక్కించమంటున్నా. మనలాంటి వాళ్లకి ఎల్లోబర్డ్ తెలిసింది వేలం ఫొటోల్లో కాదు. నూర్‌బర్గ్‌రింగ్‌లో స్టెఫాన్ రోజర్ దాన్ని మలుపు మలుపుకీ జారిస్తూ నడిపిన పాత వీడియోలో. ఒకరు నడిపారు కాబట్టే అది లెజెండ్ అయింది.

ఎంత గొప్ప కోడైనా రన్ చేయకపోతే ఉత్త టెక్స్ట్ ఫైలే. కారూ అంతే.